ఏడుపు తర్వాతి నవ్వు

సత్యలక్ష్మి ముఖం ఎవరికీ తెలియదు. గొంతు వినని వాళ్లు మాత్రం తెలుగువాళ్లలో తక్కువ. ముప్ఫై నాలుగేళ్లపాటు సినిమాల్లో తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లలు, జ్వరంతో మూలిగిన పిల్లలు, విలన్ ఎత్తుకుపోతుంటే "అమ్మా" అని కేకపెట్టిన పిల్లలు, వీళ్లలో సగంమంది గొంతు ఆవిడదే. తెరమీద ఆరేళ్ల పిల్లాడు ఏడుస్తుంటే హాల్లో ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవారు. ఆ ఏడుపు ఫిల్మ్‌నగర్‌లో ఒక ఏసీ గదిలో, కాళ్లకు సాక్సులు తొడుక్కుని, ఫ్లాస్కులో మిరియాల కషాయం పక్కన పెట్టుకుని నిలబడ్డ పెద్దమనిషిదని వాళ్లకు తెలిసే వీలు లేదు. తెలియకపోవడమే మంచిదయింది. తెలిస్తే ఆ కాస్త కన్నీళ్లూ వచ్చేవి కావు.

ఆవిడది తణుకు దగ్గర పల్లె. భర్త ప్రొడక్షన్ మేనేజరు. పెళ్లయిన కొత్తలో ఒకసారి క్యారేజీ ఇద్దామని స్టూడియోకి వెళ్తే, డబ్బింగ్ చెప్పాల్సిన పిల్లకు గొంతు పూడుకుపోయి అందరూ తలలు పట్టుకుని ఉన్నారు. "మా ఆవిడ పక్కింటి పిల్లల్ని బాగా వెక్కిరిస్తుందండీ" అన్నాడు ఆ మహానుభావుడు. అలా మైకు ముందుకొచ్చిన మనిషి మళ్లీ వెనక్కి వెళ్లలేదు. భర్త పోయి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు అరవై ఒకటి. ఫిల్మ్‌నగర్ వాలులో, పెద్ద బంగళాల వెనక, లిఫ్టు లేని మూడంతస్తుల పాత అపార్ట్‌మెంటులో కూతురు భువనతోనూ, అయిదేళ్ల మనవరాలు గీతికతోనూ ఉంటోంది. భువన జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర బ్యాంకులో పనిచేస్తుంది. అల్లుడి ఉద్యోగం ఓడల్లో. ఏడాదికి రెండు నెలలు ఇంట్లో ఉంటాడు.

పని నేర్పింది శారదాదేవి అని శ్రీనగర్ కాలనీలో ఉండే పెద్దావిడ. గొంతు ఎక్కడ నొక్కాలో, ఊపిరి ఎక్కడ దాచాలో నేర్పాక, అన్నిటికన్నా గట్టిగా ఒక మాట చెప్పింది. ఆ రోజుల్లో చావు సీను తీశాక ఆ నటుణ్ణి నవ్వించి ఒక ఫొటో తీసేవారు, కీడు పోవాలని. డబ్బింగ్‌లో ఫొటో ఎక్కడిది? అందుకని శారదాదేవి తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది.

"ఏడుపుతో మైకు వదలకూడదే అమ్మాయ్. పసిపిల్ల ఏడుపుని గాల్లో వదిలేసి ఇంటికెళ్తే, అది ఎవరో ఒక పిల్లని వెతుక్కుంటుంది. అదే గొంతుతో ఒకసారి నవ్వి మూసెయ్" అంది.

సత్యలక్ష్మి ఆ మాట తప్పలేదు. ఏడుపు సీను ఓకే అయ్యాక, లైటు ఆర్పకముందు, అదే పసిగొంతుతో మూడుసార్లు చిన్నగా నవ్వేది. సౌండ్ ఇంజినీర్ ప్రభాకర్‌కి ఇది అలవాటైపోయింది. అతను మోతీనగర్ మనిషి, పాతికేళ్లుగా ఆవిడ గొంతు రికార్డు చేసినవాడు. "అమ్మా, మూత పెట్టుండ్రి" అనేవాడు. ఆ నవ్వుకి అతను పెట్టిన పేరు మూత. అది కూడా రికార్డయ్యేది, కానీ ఏ సినిమాలోనూ వాడేవారు కాదు. ఎవరికీ వినిపించని నవ్వులు ఏళ్ల తరబడి అతని హార్డ్‌డిస్కుల్లో పేరుకుపోయాయి. ఒకే ఒక్కసారి, బస్సు తప్పిపోతుందని, నవ్వకుండా పరుగెత్తింది సత్యలక్ష్మి. ఆ వారమే మూడేళ్ల భువన వేడిపాలు మీద పోసుకుంది. కాకతాళీయమని చెప్పేవాళ్లు చెప్పారు. ఆవిడ వాళ్లతో వాదించలేదు, నవ్వడమూ మానలేదు.

తర్వాత కాలం మారింది. సినిమాల్లో పిల్లలు తమ గొంతుతోనే మాట్లాడటం మొదలుపెట్టారు. సత్యలక్ష్మికి పిలుపులు తగ్గాయి, కషాయం మాత్రం మానలేదు. అలాంటప్పుడు సిద్ధార్థ వచ్చాడు. జూబ్లీ హిల్స్‌లో పెరిగిన కుర్రాడు, పాత నిర్మాత మనవడు. తాత ఎడిటింగ్ రూములు పెట్టుకున్న మేడనే ఆఫీసుగా మార్చి, పిల్లలకోసం ఫోన్లో చూసే చిట్టి సిరీస్‌లు తీస్తున్నాడు. ఒక్కో భాగం తొంభై సెకన్లు.

"ఇప్పుడు రెండున్నర గంటలు ఎవరు కూర్చుంటారండీ? అమ్మ ఒక ముద్ద పెట్టేలోపు ఒక ఎపిసోడ్ అయిపోవాలి, ఇంకో ముద్దకి ఇంకోటి రావాలి. అదే ఫార్మాట్" అన్నాడు.

సిరీస్ పేరు 'గుమ్మడిపాప'. గుమ్మడికాయలో కాపురముండే బొమ్మపిల్ల. తలుపు తీసుకుని బయటికొచ్చి, ఒక అల్లరి చేసి, మళ్లీ లోపలికెళ్లి తలుపేసుకుంటుంది. అంతే కథ. సత్యలక్ష్మి ఆ పిల్లకి తన ఆస్తినంతా ఇచ్చేసింది. నత్తి, ముక్కు ఎగబీల్చడం, మాట మధ్యలో ఊపిరాడక ఆగడం, అన్నీ. ఒక వేసవిలో నలభై రెండు భాగాలు చెప్పింది. అవి అయ్యాక సిద్ధార్థ రెండు రోజులు ఆవిడచేత ఊరికే మాటలు చదివించాడు. పేర్లు, పండ్లు, రంగులు, వెయ్యికి పైగా. స్వీటు డబ్బాతోపాటు ఒక అగ్రిమెంటు ఇచ్చాడు. ఫిల్మ్‌నగర్‌లో కాగితం చదివి సంతకం పెట్టినవాళ్లను సత్యలక్ష్మి చూడలేదు. స్వీటు తిని సంతకం పెట్టింది.

గుమ్మడిపాప ఇంటింటికీ వెళ్లిపోయింది. గీతికకైతే ఆ పిల్లే లోకం. అది అమ్మమ్మ గొంతని గీతికకి చెప్పలేదు. "చెప్తే మోజు పోతుందమ్మా, అన్నం తినదు" అంది భువన. సత్యలక్ష్మి అంతకన్నా ఒక అడుగు ముందుకేసింది. గీతిక అన్నం దగ్గర పేచీ పెడితే, వంటింటి తలుపు చాటుకి వెళ్లి, గుమ్మడిపాప గొంతుతో "గీతికా, ఇంకొక్క ముద్ద" అనేది. పిల్ల కళ్లింతలు చేసుకుని నోరు తెరిచేది. తర్వాత పరుగెత్తుకెళ్లి తలుపు వెనక చూసేది. అమ్మమ్మ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. "ఇప్పుడే వెళ్లిపోయింది" అనేది సత్యలక్ష్మి. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కసారైనా చప్పట్లు చెవులారా వినని మనిషి. ఆ పిల్ల కళ్లలో వెలుగు చూస్తుంటే ఆవిడకు లోపల ఎంతో గర్వంగా ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది.

దీపావళి తర్వాత సిద్ధార్థ పిలవడం మానేశాడు. సిరీస్ ఆగిందనుకుంది. గీతిక ఫోనులో మోగేవి పాత భాగాలేననుకుని చెవిపెట్టి వినలేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు పెద్దమ్మ గుడి నుంచి నడిచి వస్తోంది. జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద స్కూలు వదిలే వేళ. గేటు ముందు కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు వీపులు చూపించి ముందుకి చూస్తున్నారు. వెనక సీట్లలో ఒక్కో పిల్ల, ఒక్కో ఫోను. మొదటి కారు దాటుతుంటే తన గొంతు వినిపించింది.

"నాకు ఆకలేస్తోంది. అమ్మ ఎక్కడికెళ్లింది?" అంటోంది గుమ్మడిపాప.

సత్యలక్ష్మి ఆగింది. ఆ మాట తను చెప్పలేదు. నలభై రెండు భాగాలూ ఆవిడకు కంఠతా వచ్చు, వాటిలో అమ్మే లేదు. మరిచిపోయానా అనుకుంది. ఈ వయసులో మరపు మామూలే. కానీ ఆ నత్తి, మాట మధ్యలో ఆగడం, ముక్కు ఎగబీల్చడం, ప్రతిదీ తనదే. తర్వాత ఆ గొంతు ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు తెగీ తెగకముందే మూడుసార్లు చిన్నగా నవ్వింది.

వెనకాల కారులో అదే ఏడుపు, ఒక క్షణం ఆలస్యంగా. అదే నవ్వు. దాని వెనక కారులో మరొకటి. ఎండలో ఆ వరస పొడుగునా తన ఏడుపు, తన నవ్వు ఒకదాని వెనక ఒకటి నడిచి వస్తున్నాయి. సత్యలక్ష్మి నోటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. పెదవులు కదలడం లేదు. భయమేసింది. కారులో పిల్ల తలెత్తి ఆవిడ వంక చూసి, ఎవరో ముసలావిడ అనుకుని మళ్లీ ఫోనులోకి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే సిద్ధార్థ ఆఫీసుకి వెళ్లింది. మెట్ల దగ్గరే ప్రభాకర్ కనిపించాడు. అతనిదీ ఇప్పుడు అక్కడే పని. ఆవిడని చూడగానే తల దించుకున్నాడు.

"అమ్మా, మీతోని అబద్ధం చెప్పను. మిమ్మల్ని పిలుస్తలేరు గానీ మీ గొంతు రోజు పని చేస్తనే ఉన్నది. మెషీన్‌కి నేర్పిండ్రు. పాత ఫైళ్లన్నీ అడిగితే నేనే ఇచ్చిన. మూతలు గూడ అండ్లనే ఉండె. తీసేసుడు యాదికి రాలే" అన్నాడు.

"అవి ఎందుకయ్యా దానికి?" అంది సత్యలక్ష్మి.

"దానికేం ఎరుక? ఏడుపు అయిపోంగనే నవ్వు ఉన్నది, ప్రతిసారి. పిల్లలు గిట్లనే ఏడుస్తరు అనుకున్నది" అన్నాడు. మళ్లీ తనే, "రాత కోతలు నాకు సమజ్ గావు. కానీ మీరు దిష్టి తీసినట్టు తీస్తుండె దాన్ని. అది బయటికి పోయింది. నా మనసుల మంచిగ లేదు" అన్నాడు.

సిద్ధార్థ మర్యాదగానే లేచి నిలబడి కుర్చీ చూపించాడు. కాఫీ తెప్పించాడు.

"మేమూ ముందు అది తప్పు అనుకున్నామండీ. తీసేద్దామనుకున్నాం. కానీ డేటా చూస్తే, పిల్లలు సరిగ్గా ఆ చోటే వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారు. ఒక్కొక్కళ్లు పది సార్లు, ఇరవై సార్లు. అందుకే ఇప్పుడు ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒక ఏడుపు పెడుతున్నాం" అన్నాడు.

"ఆ నవ్వు తీసెయ్యి బాబూ. ఏడుపు ఉంచుకో. నవ్వు తీసెయ్యి."

"అది మీ నవ్వే కదండీ?"

"నాదే. ఎవరికీ వినిపించడానికి నవ్వింది కాదు. దిష్టి తీసి పారేసినదాన్ని పిల్లల చేతికిస్తారా?"

సిద్ధార్థకి అది అర్థం కాలేదు. అర్థం కాకపోవడం అతని తప్పు కూడా కాదు. ఆవిడ నొచ్చుకుందని మాత్రం గ్రహించి, ఆవిడని సంతోషపెడదామని, "ఇది చూడండి, కొత్తగా పెడుతున్నాం" అని కంప్యూటర్ ఆవిడ వైపు తిప్పాడు. ఇంట్లోవాళ్లు పిల్ల పేరు టైప్ చేస్తే చాలట, గుమ్మడిపాప ఆ పేరు పెట్టి పిలిచి ఆడుకుంటుందట. టకటకా ఏదో కొట్టాడు.

"సత్యలక్ష్మీ, నాతో ఆడుకుంటావా?" అంది గుమ్మడిపాప.

"ఊఁ" అంది సత్యలక్ష్మి.

అనేశాక గాని అన్నట్టు తెలియలేదు. సిద్ధార్థ పకపకా నవ్వాడు. అరవై ఒక్కేళ్ల మనిషి, గొంతు తనదేనని తెలిసిన మనిషి, పిలిస్తే పలికింది. అయిదేళ్ల పిల్ల పలకదా? కాఫీ అలాగే వదిలేసి, గోడ పట్టుకుని మెట్లు దిగింది. అగ్రిమెంటు సంగతి అడగాలని వచ్చిన మనిషి అడగనేలేదు.

ఆ వారంలోనే గీతిక మెట్ల మీద జారి మోకాలు కొట్టుకుంది. రక్తం వచ్చింది. నోరు పగిలేలా ఏడ్చింది, ఏ పిల్లయినా ఏడ్చినట్టే. సత్యలక్ష్మి ఎత్తుకునేలోపు ఏడుపు తెగిపోయింది. గీతిక మూడుసార్లు నవ్వింది. చిన్నగా, లెక్కపెట్టినట్టు. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ముఖంలో నవ్వు లేదు, నవ్వు నోటి వరకే ఉంది.

"ఎందుకు నవ్వావు తల్లీ?" అంది సత్యలక్ష్మి.

"ఏడుపు అయిపోయింది కదా" అంది గీతిక.

భువనకి చెప్తే తేలిగ్గా తీసుకుంది. "నయం కదమ్మా, గంటసేపు రాగం తీసేది. ఇప్పుడు వెంటనే ఊరుకుంటోంది. అందరి పిల్లలూ అంతే" అంది.

అందరి పిల్లలూ అంతే అన్నమాట నిజమే. అదే ఆవిడని నిద్రపోనివ్వలేదు. సాయంత్రాలు కింద జాగాలో పిల్లలు ఆడుకుంటుంటే బాల్కనీలోంచి చూసేది. కింది వాటాలో బన్నీ అని నాలుగేళ్లవాడు ఉయ్యాల చెక్క తగిలి పడ్డాడు. ఏడ్చాడు. మిగతా పిల్లలు ఆట ఆపి చుట్టూ నిలబడి ఎదురుచూశారు. ఎవరూ లేవనెత్తలేదు. వాడు ఏడుపు ఆపి మూడుసార్లు నవ్వాడు. అప్పుడు పిల్లలంతా మూడుసార్లు నవ్వారు. అంతా ఒకే నవ్వు, సత్యలక్ష్మిది. తర్వాత ఏమీ జరగనట్టు ఆట మొదలుపెట్టారు. బన్నీ చెయ్యి వాచిందని వాళ్లమ్మకి రాత్రి స్నానం చేయిస్తుంటే గాని తెలియలేదు.

ఇక దాచకూడదని సత్యలక్ష్మి నిర్ణయించుకుంది. గీతికని కూర్చోబెట్టుకుని, ఆ గొంతు నాదేనని చెప్పేస్తానంది. భువన చేతులు పట్టుకుంది.

"ఆఫీసులో మార్చి నెలాఖరు పనులమ్మా, నా ప్రాణం తీస్తున్నారు. ఇంటికొచ్చి దానితో అన్నానికి యుద్ధం చెయ్యలేను. సెలవుల్లో చెబుదాం" అంది. అంటూనే ఒక సంగతి చెప్పింది. కొత్త ఆట వచ్చిందని, గీతిక పేరు తనే టైప్ చేశానని, పిల్ల ఎగిరి గంతేసిందని.

కూతురి కళ్లకింద నల్లచారలు చూసి సత్యలక్ష్మి నోరు మూసుకుంది. ఆ నోరు మూసుకోవడాన్ని తర్వాత చాలారోజులు తిట్టుకుంది.

మే నెల వచ్చింది. స్కూలుకి సెలవులు. ఒకరోజు పొద్దున వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే, హాల్లోంచి గుమ్మడిపాప మాటలు వినబడ్డాయి. "గీతికా, మధ్యాహ్నం మనం దాక్కుందామా? నన్ను కూడా తీసుకెళ్లు. ఎవరు పిలిచినా పలక్కూడదు. పలికితే ఓడిపోయినట్టు." పిల్లల ఆటే కదా అనుకుంది. పోపులో ఆవాలు చిటపటలాడుతుంటే ఆ మాట అక్కడే వదిలేసింది.

భోజనాలయ్యాక గీతికని పక్కన పడుకోబెట్టుకుని నడుం వాల్చింది. కళ్లు తెరిచేసరికి మూడు దాటింది. పక్కన పిల్ల లేదు. భువన పాత ఫోను లేదు. వీధి తలుపు ఓరగా ఉంది.

"గీతికా" అంది. ఇల్లు చిన్నది, మంచాల కిందా బీరువా వెనకా చూడటానికి నిమిషం చాలు. లేదు. మెట్లు దిగుతూ ఒక్కో అంతస్తులో పిలిచింది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎండకి మనుషులు కూలర్ల ముందు పడుకున్నారు. వాచ్‌మన్ అన్నానికి వెళ్లాడు. గేటుకి గొళ్లెం వేసే ఉంది, అది పిల్లకి అందదు. అంటే లోపలే ఎక్కడో ఉంది. నీళ్ల సంపు గుర్తొచ్చింది. పరుగున వెళ్లి చూసింది. ఇనప మూత వేసే ఉంది, పైన ఇటుక ఉన్నది ఉన్నట్టే ఉంది. అక్కడే కూలబడి ఒక్కసారి ఏడ్చింది, సొంత గొంతుతో.

మళ్లీ లేచింది. "గీతికా, అమ్మమ్మనే. రామ్మా." జవాబు లేదు. నాలుగు వైపులా పిలిచింది. ఎవరు పిలిచినా పలక్కూడదు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. పిల్ల వింటోంది. ఎక్కడో కూర్చుని, వింటూ, ఓడిపోకూడదని నోరు నొక్కుకుని ఉంది. ఈ ఎండలో ఎక్కడ కూర్చుందో, ఎంతసేపటినుంచో.

నిలబడి గొంతు సవరించుకుంది. పొట్ట బిగించి, నాలుకని పై పళ్లకి ఆనించి, శారదాదేవి నేర్పినట్టు ఊపిరి దాచుకుంది. అందరూ వినే చోట, తలుపు చాటు లేకుండా, ఆ గొంతు పైకి తీయడం అదే మొదటిసారి.

"గీతికా, ఆట అయిపోయింది. నువ్వే గెలిచావ్. బయటికి రా" అంది గుమ్మడిపాప.

ఎక్కడా అలికిడి లేదు. కాసేపటికి అపార్ట్‌మెంటు వెనకనుంచి అదే గొంతు మూడుసార్లు నవ్వింది.

తనే నవ్విందేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పెదవులు తడుముకుంది. మళ్లీ ఏడుపు వినిపించింది, మళ్లీ నవ్వు. ఆ నవ్వు పట్టుకుని వెనక్కి పరుగెత్తింది. వెనక జాగాలో ఎండకి తెల్లబడ్డ కవరు కప్పిన కారు ఒకటి ఉంది. రెండో అంతస్తు సుబ్బరామయ్యగారిది. ఆయన విశాఖలో కొడుకు దగ్గరికెళ్లి నెలయింది. దాని తాళం పాడైందని అందరికీ తెలుసు, పిల్లలకి ఇంకా బాగా తెలుసు, కవరు కిందనుంచి దూరి ఎక్కేవారు. కవరు లోపలినుంచి తన గొంతు ఏడుస్తోంది.

కవరు లాగి పారేసింది. వెనక సీట్లో గీతిక ఉంది. అద్దాలు బిగించి ఉన్నాయి. ఆ తలుపు లోపలినుంచి తెరుచుకోదు, పిల్లలు పడిపోకుండా పెట్టిన ఏర్పాటు. తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టు సెగ కొట్టింది. పిల్ల ముఖం కందిపోయి, జుట్టు నుదుటికి అతుక్కుపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్లు సగం మూసి ఉన్నాయి. ఒళ్లో ఫోను ఆగకుండా మాట్లాడుతోంది. ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. "ష్" అంది గీతిక. "పలికితే ఓడిపోతాం."

సందు చివర క్లినిక్ దాకా అరవై ఒక్కేళ్ల మనిషి ఆ పిల్లని మోసుకుని ఎలా పరుగెత్తిందో ఆవిడకే తెలియదు. డాక్టరు తడిగుడ్డలు చుట్టి, సెలైన్ పెట్టి, ఇంకో పావుగంట ఆలస్యమైతే నేనేమీ చెప్పలేకపోయేవాణ్ణి అన్నాడు. భువన బ్యాంకు నుంచి చెప్పులు లేకుండా వచ్చింది. ఎవరి మీదా అరవలేదు. గోడ వారగా కూర్చుని, పేరు టైప్ చేసిన తన వేళ్లవంక చూసుకుంటూ ఉండిపోయింది. సత్యలక్ష్మి వెళ్లి ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. ఇద్దరి తప్పులో ఎవరి వాటా ఎంతో తేల్చుకోవాలని ఇద్దరికీ లేదు.

సంగతి తెలిసి, దాక్కునే ఆటని సిద్ధార్థ ఆ రాత్రే తీయించాడు. మర్నాడు ఇంటికొచ్చి, తలుపు దగ్గరే నిలబడి, తల దించుకుని క్షమించమన్నాడు. తెచ్చిన పండ్లు గట్టు మీద పెట్టి వెళ్లాడు. గుమ్మడిపాప మాత్రం ఆగలేదు. లక్షలమంది పిల్లలు చూస్తున్నారు, కాగితం మీద సంతకం ఉంది. భువన ఒక లాయరుని కలిసింది. చూద్దాం అన్నాడట.

మూడోరోజు గీతిక లేచి కూర్చుని పెరుగన్నం తింది. సత్యలక్ష్మి పక్కన కూర్చుంది.

"నేను అన్నిసార్లు పిలిచానే, ఎందుకు పలకలేదు తల్లీ?"

"గుమ్మడిపాప వద్దంది."

"తర్వాత గుమ్మడిపాపే పిలిచింది కదా, గెలిచావు, బయటికి రా అని. అప్పుడైనా రావాలి కదా?"

గీతిక అమ్మమ్మ వంక జాలిగా చూసింది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "గుమ్మడిపాప నా ఒళ్లోనే ఉంది. బయట పిలిచేది దొంగది" అంది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. సత్యలక్ష్మి పిల్ల రెండు చేతులూ తన చెంపల మీద పెట్టుకుని, "అది నేనే అమ్మా. మొదటినుంచీ నేనే. ఇదిగో చూడు" అని, ఆ ముఖం ముందే, ఆ కళ్లముందే, గుమ్మడిపాప గొంతుతో "గీతికా, ఇంకొక్క ముద్ద" అంది.

పిల్ల చప్పట్లు కొడుతుందనుకుంది. ఇన్నేళ్లుగా ఎవరూ కొట్టని చప్పట్లు. గీతిక చేతులు వెనక్కి లాక్కుంది. అమ్మమ్మ ముడతల నోటివంక, పళ్లవంక చాలాసేపు చూసింది. భయపడింది. అది సత్యలక్ష్మికి స్పష్టంగా కనిపించింది.

"ఆపెయ్" అంది గీతిక మెల్లగా. ఆవిడ ఆపేసింది. పిల్ల మళ్లీ దగ్గరికి జరగడానికి కొంతసేపు పట్టింది. తన లెక్కలేవో తను వేసుకుని, చివరికి అడిగింది.

"అమ్మమ్మా, నువ్వు గుమ్మడిపాపలా మాట్లాడగలవు. ఫోను నీలా మాట్లాడగలదు. మరి నువ్వు నన్ను పిలిస్తే, అది నువ్వేనని నాకెలా తెలుస్తుంది?"

సినిమాల్లో ఎంతమంది పిల్లలచేత ఎన్ని జవాబులు చెప్పించిందో ఆవిడకు లెక్కలేదు. కానీ ఇప్పుడు ఏ గొంతుతో ఏం చెప్పినా, ఆ మాట ఫోనూ చెప్పగలదు. మాట్లాడకుండా చెయ్యి చాపి పిల్ల అరచేయి పట్టుకుంది. గీతిక ఆ చేతిని తిప్పి చూసింది, వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసింది, బెండకాయల జిగురు అంటిన గోళ్లు చూసింది. తర్వాత వదల్లేదు.

అప్పటినుంచి సత్యలక్ష్మి మనవరాలిని పిలవడం మానేసింది. గీతిక కింద ఆడుకుంటుంటే, మోకాళ్ల నొప్పులున్నా నలభై మెట్లూ దిగుతుంది. "పై నుంచి ఒక్క కేక వెయ్యొచ్చు కదండీ, మీ గొంతుకేం తక్కువ" అంటారు చుట్టుపక్కలవాళ్లు. నవ్వి ఊరుకుంటుంది. చుట్టూ వాటాల్లోంచి, ఆగి ఉన్న కార్లలోంచి ఆ పసిగొంతు ఏవేవో పేర్లు పెట్టి పిల్లల్ని పిలుస్తూనే ఉంటుంది, పిల్లలు తలలు తిప్పుతూనే ఉంటారు. గీతిక తిప్పదు. ఎవరు పిలిచినా కదలకుండా నిలబడుతుంది. సత్యలక్ష్మి వెనకనుంచి వెళ్లి, ఒక్క మాటైనా లేకుండా భుజం మీద చెయ్యి వేస్తుంది. గీతిక ముందు ఆ చేతిని తడిమి చూస్తుంది. అప్పుడు ముఖం వంక చూసి, అమ్మమ్మ వెంట నడుస్తుంది.